పైడమ్మ ఎడమ దవడ పన్ను

రోహిణి కార్తె, మూడో పొద్దు

ఈ పూట ఆరు పళ్ళు విరగ్గొట్టాను. ఆరూ బాగా విరిగాయి.

ఇలా రాస్తే ముందు ముందు చదివేవాళ్ళు ఏ రౌడీ రాసిందో అనుకుంటారు కాబట్టి చెబుతున్నాను. నా పేరు మజ్జి సన్యాసమ్మ. ఎర్రగుండం దంతశాలలో పట్టు పరీక్ష నా పని. పంటికి వేసిన ఫిల్లింగ్ పంటిని ఎంత గట్టిగా పట్టుకుందో చూడాలి. చూడడానికి ఒకటే దారి, దాన్ని ఊడగొట్టడం. పన్నును ఒక బిళ్ళలో దిగేసి, పైన చదునుగా అరగదీసి, జిగురు రాసి, దాని మీద మినపగింజంత ఫిల్లింగ్ నిలబెట్టి, నీలం దీపం కింద గట్టిపరుస్తాను. తరవాత వేడినీళ్ళలో, చన్నీళ్ళలో మార్చి మార్చి ముంచుతాను. వేడి వేడి చారు తాగిన నోటితోనే మంచునీళ్ళు తాగే జనం మధ్య బతకాలి కదా, దానికీ అలవాటు కావాలి. ఆ తరవాత మరకి బిగిస్తే, ఉలిలాంటి పలక మెల్లగా దిగి ఫిల్లింగ్‌ని నెడుతుంది. టప్పుమనగానే మర ఒక అంకె చూపిస్తుంది. ఇరవై దాటితే మంచి పట్టు. ఈ పూట ఒక్కటీ ఇరవై మూడుకి తగ్గలేదు.

అంకె ఒక్కటే చూస్తే చాలదు. విరిగిన ముఖం చూడాలి. ఫిల్లింగ్ నున్నగా ఊడి వస్తే జిగురు చేతకానిదని అర్థం. పంటి పెచ్చు కూడా పట్టుకుని వస్తే అదీ పట్టు. ఈ పూట ఐదు అలాగే వచ్చాయి. ఆరోది కూడా దాదాపు అంతే.

జిగురు డాక్టర్ షాహీన్‌ది. భూమి నుంచి వచ్చే జిగురు దారిలో చలికి చెడిపోతోందని, ఇక్కడి సామానుతో ఇక్కడే కాచింది. ఆమె పని చేస్తుంటే నేను నోరు మూసుకుని చూస్తాను. నేను నోరు మూసుకున్నానంటే ఎంత గొప్ప విషయమో ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నొప్పి ఉన్న పంటి దగ్గరికి ఆమె చెయ్యి వెళ్ళే తీరు, నిద్రపోతున్న పసిపాప కింద నుంచి పక్కబట్ట తీస్తున్నట్టుంటుంది.

పరీక్షకి పళ్ళకేం కొదవ లేదు. బయటికి వెళ్ళే పనివాళ్ళందరికీ ముందే జ్ఞానదంతాలు తీసేస్తారు, అవన్నీ ఉప్పునీళ్ళ సీసాల్లో నా దగ్గరికే వస్తాయి. పిల్లల పాలపళ్ళూ నాకే. భూమ్మీద వాటిని ఇంటి కప్పు మీదకి విసిరేవారట. ఇక్కడ మా కప్పుల మీద నిలువెత్తు మట్టి. అందుకని పిల్లలు తెచ్చి నా గుమ్మం దగ్గరి డబ్బాలో వేసి, నాకో దండం పెట్టి పరుగెడతారు. దేవుడికి కూడా ఇన్ని దండాలు రావు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మా అమ్మమ్మ అనేది. కార్తెలైతే తెచ్చుకున్నాం గానీ, కుజుడి మీద పగిలేది ఎండకి కాదు, చలికి.

రోహిణి కార్తె, ఐదో పొద్దు

పైడమ్మ ఫిల్లింగ్ బయట ఊడింది.

బొంతు పైడమ్మ మంచుగనికి పెద్ద. ఎర్రగుండంలో మేము తాగే ప్రతి చుక్కా ఆమె బండి తవ్వి తెచ్చిన మంచే. నాకు వరసకి వదిన, తగువుకి తోడు. బయటికి వేసుకెళ్ళే దుస్తుల్లో గాలి ఒత్తిడి ఇంట్లోకంటే బాగా తక్కువ. ఫిల్లింగ్ కింద సందుంటే అందులో చిక్కుకున్న గాలి అక్కడ ఉబ్బుతుంది. ఆ నొప్పి ఎలా ఉంటుందంటే, రాళ్ళు మోసే మగాళ్ళు కూడా బండి వదిలేసి నేల మీద దొర్లుతారు. పైడమ్మ మాత్రం బండి నిండా మంచుతో, వెనక ఇద్దరు కొత్త పనివాళ్ళతో, ఒక్క కేక వెయ్యకుండా తలుపు దాకా నడుపుకొచ్చింది. లోపలికొచ్చి అద్దం తలపాగా, అదే హెల్మెట్, తీశాక చూస్తే చెంప మీద కన్నీళ్ళు చారలు కట్టి ఉన్నాయి.

"ఏడిసినావేటి వొదినా?" అన్నాను.

"నానేడవనేదు. కళ్ళే ఏడిసినాయి" అంది.

పన్ను పీకేస్తే పోదా అనుకోవచ్చు. పోదు. దుస్తుల్లో ఆపద గాలి తెరిచే మీట నోటి దగ్గర ఎడమ వైపున ఉంటుంది. చేతులు రెండూ పనిలో ఉంటాయి కాబట్టి దాన్ని దవడతో గట్టిగా కొరకాలి. కొరికితే ఇక్కడ తలుపు గదిలో గంట కూడా మోగుతుంది. పైడమ్మకి ఎడమ కింద దవడలో మిగిలింది ఆ ఒక్క పన్నే. అది లేకపోతే కొరకలేదు, కొరకలేనివాళ్ళకి బయటికి అనుమతి లేదు.

తలుపు అధికారి కూర్మారావు ఆమె ముందే చెప్పాడు. "ఎక్కడూడినా సరే, ఇంకో రెండుసార్లు ఊడిందంటే నాను గడప దాటనివ్వను పైడమ్మా. నీ మీద కోపం కాదు. నువ్వు బయట పడిపోతే నిన్ను తేడానికి ఇంకిద్దర్ని పంపాల."

ఆయనదీ తప్పు కాదు. తప్పు కాదు కాబట్టి తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

డాక్టర్ షాహీన్ వెంటనే మళ్ళీ వేసింది. పైడమ్మ మహా మర్యాదస్తురాలు, అంత నొప్పిలోనూ కుర్చీ ఎక్కే ముందు లవంగం బాగా నమిలి, పిప్పి రుమాల్లోకి ఊసి, అప్పుడు నోరు తెరిచింది. ఈ ఊళ్ళో అందరిదీ ఒకటే గాలి, ఒకరు వదిలింది ఇంకొకరు పీల్చాలి. ఎవరికైనా ముఖాముఖి కూర్చోవాలంటే ముందు లవంగం నమలడం కనీస మర్యాద. మా తోటలో మొదట నాటిన చెట్లు కూడా అవే. నాకు మాత్రం లవంగం నాలిక్కి తగిలితే కడుపులో తిప్పుతుంది. నేను నమలను. అందుకే నాకు మోటుమనిషని పేరు, పెళ్ళిళ్ళలో చివరి వరస. పోనీలే, చివరి వరసకే వడ్డన వేడిగా వస్తుంది.

మృగశిర కార్తె, రెండో పొద్దు

మళ్ళీ ఊడింది. ఈసారి బయట కాదు, నయం. బయటికి పంపే ముందు ఒత్తిడి గదిలో కూర్చోబెట్టి గాలి తగ్గిస్తారు. సగంలోనే పైడమ్మ తలుపు బాదింది.

ఇక మిగిలింది ఒక్కసారి.

ఆమె ఒక్కతే అయితే ఆమె నోటి తప్పనుకుందుము. ఈ మధ్య ఫిల్లింగ్ ఊడినవాళ్ళు చాలామంది ఉన్నారట, లోపలే ఉండేవాళ్ళు కాబట్టి నొప్పి లేక ఊరుకున్నారు. ఇప్పుడు అందరూ బయటపడ్డారు. డాక్టరమ్మ జిగురు మంచిది కాదన్న మాట భోజనశాలలో ఈ బల్ల నుంచి ఆ బల్లకి పాకుతోంది. మా అంకెలు చూపిస్తే, "మీ మర మీ మాటే సెప్తాది" అని నవ్వారు. ఒకడి పళ్ళు మరకి బిగిద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

డాక్టర్ షాహీన్‌కి కోపం రాలేదు. ఊడిన ఫిల్లింగులన్నీ తెప్పించి తెల్లటి పళ్ళెంలో వరసగా పెట్టుకుంది.

"అక్కా, ఆడలేక మద్దెల ఓడు అనకూడదు. జనం నోళ్ళలో ఊడుతున్నాయంటే ఊడుతున్నట్టే. మన పరీక్షలో ఊడడం లేదంటే, మన పరీక్ష జనం నోరులా లేదు. తేడా ఎక్కడుందో వెతుకుదాం" అంది.

ఆ మాటకి ఆమె మీద నాకు గౌరవం పదింతలైంది. తన బిడ్డను ఊరంతా తిడుతుంటే బిడ్డను వెనకేసుకురాకుండా ముందుకు తెచ్చి నిలబెట్టే తల్లి ఎంతమంది ఉంటారు?

దీపం చూశాం, బాగుంది. జిగురు సీసాలు మార్చి చూశాం, బాగున్నాయి. ఫిల్లింగ్ వేసిన పళ్ళను ఒత్తిడి గదిలోనే పెట్టి గాలి తీయించాను. ఒక్కటీ కదల్లేదు. ఉమ్మి వల్లేమోనని నా ఉమ్మిలోనే పళ్ళు నానబెట్టి చేశాను. అప్పుడూ ఇరవై నాలుగే. ఊడిన వాటి అడుగుభాగం మాత్రం డాక్టరమ్మ వేలితో తాకి చూసి ముఖం చిట్లించింది. జిగురు సగం గట్టిపడి, సగం బంకబంకగా ఉండిపోయింది. దీపం కింద అంతసేపు పెట్టినా ఏదో దాన్ని గట్టిపడనివ్వలేదు. ఆ ఏదో ఏమిటో తెలియదు.

మృగశిర కార్తె, తొమ్మిదో పొద్దు

పైడమ్మను తోటలో బఠాణీలు ఒలవడానికి వేశారు. చూడ్డానికి వెళ్ళాను. తన ముందు గంపెడు కాయలు, ఒలిచినవి గుప్పెడు. గనిలో కొండను పిండి చేసే చేతులు బఠాణీ కాయ ముందు తెల్లమొహం వేశాయి.

"వొదినా," అంది, నా వైపు చూడకుండా, "పొద్దు పొడవడం సూసినావా ఎప్పుడైనా? బయట?"

"నేదు. నాకెందుకు, చలి."

"నీలంగా పొడుస్తాది. మొదట గుండం అంచు మీద గీతలాగ. నా బండి అద్దం మీద ముందు పడతాది, ఆ తరవాతే ఈ ఊరి మీద పడతాది. ఊరందరికన్నా ముందు నాకే." చేతిలోని కాయ గంపలో పడేసింది. "ఇక్కడ దీపాలేసి పొద్దయినాదంటన్నారు. నాను లోపలుండలేను వొదినా. సచ్చిపోతానని సెప్పను గానీ, బతికున్నట్టు మాత్రం ఉండదు."

ఆమె గంపలోంచి గుప్పెడు కాయలు ఒలిచి పెట్టి లేచాను. చాటుకి వచ్చి ఏడ్చాను. రాయకపోతే ఎవరికీ తెలియదు, అయినా రాస్తున్నాను.

మృగశిర కార్తె, పన్నెండో పొద్దు

ఇది తీరిగ్గా రాయాలి.

మధ్యాహ్నం నేను జంతికలు తింటూ కూర్చున్నాను. మా జంతికల గురించి తెలియనివాళ్ళకి చెబుతున్నాను, వాటితో మేకులు కొట్టొచ్చు. కరకరమని నములుతుంటే డాక్టరమ్మ పళ్ళెం మీంచి తలెత్తింది.

"అక్కా, మీకు వెనకపంటికి నేనే వేశాను కదా?"

"నువ్వే. నువ్వు జిగురు కాసిన కొత్తలో."

"ఒక్కసారి కూడా ఊడలేదా?"

"ఊడడమా? జంతికే విరుగుతన్నాది."

ఆమె లేచి వచ్చింది. "ఊరందరి నోళ్ళలోనూ ఊడుతుంటే మీ నోట్లోనే ఎందుకు ఊడలేదు? మీ నోటిలో ఏదో మంచి ఉంది."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదని ఈ ఊళ్ళో అన్న మొదటి మనిషివి నువ్వే డాక్టరమ్మా" అన్నాను. ఆమె నవ్వుతూ నన్ను కుర్చీలో వెనక్కి వాల్చింది. దీపం దగ్గరికి లాగి, "ఆ" అనమంది. ఆ అన్నాను. పొద్దున తిన్న చద్దన్నం, ఉల్లిపాయ, ఇప్పటి జంతిక, అన్నీ కలిసి ఆమె ముఖాన కొట్టినట్టున్నాయి. ఎంత మంచి మనిషైనా మనిషే కదా.

"అబ్బ! అక్కా, లవంగం వేసుకోలేదా?"

అన్నాక ఆమె నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. నాదెటూ తెరిచే ఉంది. ఇద్దరం ఒకరి నోట్లోకి ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం.

ఆ తరవాత ఎవరం ముందు లేచామో గుర్తులేదు. పళ్ళ సీసా తీశాను. సగం పళ్ళు ఎప్పటిలాగే ఉప్పునీళ్ళలోంచి తీసి కడిగి చేశాం. మిగతా సగానికి జిగురు రాయబోయే ముందు నమిలిన లవంగం రసం పూసి, తుడిచి, కడిగి, అప్పుడు చేశాం. నమిలే పని డాక్టరమ్మదే, నాకు పడదు కదా. వేడినీళ్ళలో, చన్నీళ్ళలో ముంచేంత ఓపిక ఇద్దరికీ లేదు. అలాగే మరకి బిగించాను.

ఉత్త పళ్ళు: ఇరవై ఐదు, ఇరవై మూడు, ఇరవై ఆరు. పెచ్చులతో సహా వచ్చాయి.

లవంగం పళ్ళు: ఎనిమిది. ఆరు. తొమ్మిది. నున్నగా, అడుగున బంకతో, అచ్చం ఆ పళ్ళెంలో ఉన్నవాటిలాగే.

లవంగంలోని నూనె పంటిలోకి దిగి కూర్చుంటే జిగురు గట్టిపడదు. అంతే సంగతి. అరగదీసిన పంటికి లోపల కంటికి కనబడనన్ని సన్న రంధ్రాలుంటాయి, కడిగితే పోయేది కాదు. ఇన్నాళ్ళూ మా పరీక్షలో పట్టు ఎందుకు బాగుందంటే, సీసాలో పళ్ళకి మర్యాద తెలియదు. అవి లవంగం నమిలి రావు. పాపం పైడమ్మ! నొప్పి ఎక్కువైన కొద్దీ, డాక్టరమ్మకి ఇబ్బంది కలగకూడదని, ఒకటికి రెండు నమిలి కుర్చీ ఎక్కింది.

మృగశిర కార్తె, పదమూడో పొద్దు

డాక్టర్ షాహీన్ భోజనశాలలో, అందరూ తింటున్న వేళ నిలబడి చెప్పింది. "మీ నోళ్ళదీ తప్పు కాదు, జిగురుదీ తప్పు కాదు. కుర్చీ ఎక్కే ముందు నోట్లో ఏం వేసుకున్నారని అడగడం నా పని. రోజూ ఆ వాసన మధ్యనే ఉండి, నేను ఒక్కసారి కూడా అడగలేదు." అంతే చెప్పి కూర్చుని అన్నం కలుపుకుంది. ఆ రోజు మా అంకెలకి నవ్వినవాళ్ళలో ఒకడు లేచి వెళ్ళి ఆమె పళ్ళెంలో తన వంతు అరిసె పెట్టాడు.

డాక్టరమ్మ గది పక్కనే పని చేస్తున్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందో ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా చెబితే పనికి అడ్డం.

మృగశిర కార్తె, పధ్నాలుగో పొద్దు

ఇక ఫిల్లింగ్ వేసెయ్యడమే అనుకున్నాం. పైడమ్మ వచ్చింది, కుర్చీ ఎక్కింది, నోరు తెరవలేదు.

"లవంగం లేకుండానా?" అంది పెదాలు బిగించే. "డాక్టరమ్మ మొకం మీద ఉత్త నోరు తెరుస్తానా? నాకేటి సిగ్గు నేదా?"

"నాను రోజూ తెరుస్తాను" అన్నాను.

"నీ సంగతి ఊరికి తెల్సు."

నచ్చజెప్పాను, తిట్టాను. నీ పన్ను పోతుంది, గని పోతుంది, నీలం పొద్దు పోతుంది, మర్యాద కొరుక్కు తిను అన్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ దవడ కదల్లేదు. అంత నొప్పిని బయట నోరెత్తకుండా భరించిన మనిషి, ఇంకొకరి ముందు వాసన నోరు తెరవడానికి చచ్చిపోతోంది. నాకు మొదటిసారి అర్థమైంది, అది నటన కాదు. ఎదుటి మనిషి ఊపిరి మీద ఆమెకి నిజంగా అంత గౌరవం ఉంది.

డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుంది. "పైడమ్మగారూ, మీరు లవంగం ఎవరికోసం నములుతారు?"

"మీకోసమే. మీ ముక్కుకోసం."

"అయితే నా ముక్కుకే ఇవ్వండి."

చెయ్యి చాపింది. పైడమ్మకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. డాక్టరమ్మ తన మాస్కు అడుగున గుడ్డ మడత విప్పి చూపించింది. "ఇక్కడ పెట్టుకుంటాను. మీ మర్యాద నాకు చేరిపోతుంది. పన్ను జోలికి పోదు."

పైడమ్మ ఆలోచించింది. రుమాలు ముడి విప్పి, ఉన్నవాటిలో పెద్ద లవంగం ఏరి, రెండు చేతులతో ఇచ్చింది, పెళ్ళిలో తాంబూలం ఇచ్చినట్టు.

అప్పుడు నేను అడ్డం పడ్డాను. "ఆగండాగండి! ఆ మాస్కు వాసన పంటి మీదకి కొడితే?" ఇద్దరూ నన్ను తినేసేలా చూశారు. చూడనీ. ఊడగొట్టి చూడనిదే ఏదీ నమ్మకపోవడం నా వృత్తి. డాక్టరమ్మ చేత లవంగం మాస్కుతోనే సీసా పళ్ళకి నాలుగింటికి వేయించి మరకి బిగించాను. అంతసేపూ పైడమ్మ పెదాలు బిగించుకుని కుర్చీలోనే కూర్చుంది. ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై ఐదు, ఇరవై ఐదు.

"ఇప్పుడు తెరువు" అన్నాను. తెరిచింది.

ఆరుద్ర కార్తె, మొదటి పొద్దు

ఒత్తిడి గదిలో పైడమ్మ కాళ్ళు బార్లా చాపి కూర్చుంది. కూర్మారావు గాలి తగ్గించాడు. సగానికి వచ్చింది, పైడమ్మ ఊరికే ఉంది. ఇంకా తగ్గించాడు. నేను గాజు పలకకి ముక్కు ఆనించి చూస్తున్నాను. పూర్తిగా దించాడు. పైడమ్మ నా వైపు తిరిగి, చిటికెన వేలితో చెవి గోక్కుంది. అంతే.

బయటికి తెచ్చాక కూర్మారావు అనుమతి బిళ్ళ ఆమె మెడలో వేస్తూ, "నాను మా సెడ్డ భయపడినాను పైడమ్మా, నిన్ను ఆపాల్సొస్తాదేమోనని" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని మనసులో తిట్టుకున్నదంతా వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు దంతశాలకి వచ్చేవాళ్ళందరూ లవంగం చేత్తో పట్టుకొస్తున్నారు. సాయంత్రానికి డాక్టరమ్మ బల్ల మీద చిన్న గిన్నె నిండుతోంది. అందరికీ తెలిసిన మర్యాదే, నోరు వదిలి ముక్కుకి వెళ్ళింది. నేనూ ఒకటి పట్టుకెళ్ళి ఇచ్చాను. డాక్టరమ్మ నవ్వి ఊరుకోకుండా ఆ సంగతి ఊరందరికీ చెప్పింది.

ఆరుద్ర కార్తె, మూడో పొద్దు

పైడమ్మ ఇవాళ గనికి వెళ్ళింది.

వెళ్ళే ముందు, తలపాగా పెట్టుకోబోతూ నన్ను పక్కకి పిలిచింది. "వొదినా, నాను సచ్చిపోనాక ఈ పన్ను నీకే. నీ మరకి బిగించి ఊడగొట్టుకో. ఎంతొస్తాదో అందరికీ సెప్పు."

"నోరు ముయ్" అన్నాను. తలపాగా దిగేసరికి ఆమె నవ్వు అద్దం వెనక్కి వెళ్ళిపోయింది.

నేను తలుపు గదిలో కూర్మారావు పక్కన కూర్చున్నాను. నాకక్కడ పని లేదు. ఆయనా పొమ్మనలేదు. చాలాసేపటికి గంట మోగింది. గనికి చేరాక మీట పనిచేస్తోందో లేదో ఒకసారి కొరికి చూడడం పద్ధతి. మోగింది, ఆగింది. మళ్ళీ మోగింది. కూర్మారావు ఉలిక్కిపడి మైకు అందుకున్నాడు. "పైడమ్మా, ఏటయినాది?"

"ఏటీ నేదు బాబూ" అంది పైడమ్మ గొంతు, గరగరమంటూ. "పొద్దు పొడిసినాది. వొదినకి సెప్తన్నాను."

పనిగదికి వచ్చి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏ పట్టు ఎంతో ఊడగొడితే తప్ప తెలియదు. ఇన్నేళ్ళలో నా చేతిమీదుగా పోయిన ప్రతి పంటి అంకె ఈ మరకి తెలుసు. పైడమ్మ ఎడమ దవడ పంటి అంకె మాత్రం ఎప్పటికీ తెలియకూడదని కోరుకుంటూ, గుమ్మం దగ్గర పిల్లలు పాలపళ్ళు వేసే డబ్బాకి నేనే ఒక దండం పెట్టాను.